మా పెదనాయన చెప్పిన పోలిక

మంగళవారం పొద్దున మబ్బు పట్టింది, వాన మాత్రం పడలేదు. వేరుశనగ చేలో కలుపు తీస్తుంటే తమ్ముడు గట్టు మీదికి వచ్చి, "పెదనాయన పోయినాడన్నా" అన్నాడు. పట్టిన సాలు పూర్తి చేసి ఇద్దరం ఊళ్ళోకి నడిచాం.

ఆయన మా నాయనకు అన్న. బతుకంతా గొర్రెలు మేపాడు. ఏడేళ్ళ కిందట సోమందేపల్లె దగ్గర మందను హైవే దాటిస్తుంటే లారీ దూసుకొచ్చింది. మందలో సగం పోయింది. ముందు నడుస్తున్న మా చిన్నాయన కూడా పోయాడు. అప్పటి నుంచి పెదనాయన ఒంటరిగా రోడ్డు దాటుతున్నా చెయ్యి చాచి, వెనక లేని మందను అదిలించేవాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు "ఏమప్పా, గొర్రెలన్నీ దాటినాయా?" అని నవ్వేవారు. ఆయనకు పిచ్చి అని ఊరు తేల్చేసింది.

అది పిచ్చి కాదని చెప్పాలని నేను కథ రాశాను. ఆయనకు చదువు రాదు. అచ్చుకు పంపే ముందు చదివి వినిపించాను. 'అతని గుండె బండగా మారింది' అన్నచోట ఆపాడు.

"బండయితే మేలే గదప్పా. నొప్పుండదు."

'మనసు అద్దంలా పగిలింది' అన్నది చదివాను.

"అద్దం పగిలితే ఊడ్చి పారేస్తారు. దీన్ని యాడ పారేసేది?"

మరి ఎట్లా ఉంటుందని అడిగాను. బీడీని నేలకు రాసి ఆర్పాడు.

"మిట్టమధ్యాన్నం ఎండకు గొర్రె పక్క గొర్రె కడుపు కింద తల పెడతాది, చూసినావు గదా. ఒక్కటే మిగిలిన గొర్రె తల యాడ పెట్టాల? వంచుకోని అట్లే తిరుగుతాంటాది. నేనూ అట్లే తిరుగుతాండా."

నా పోలికలన్నీ కొట్టేసి అదొక్కటే ఉంచాను. కథ అచ్చయ్యాక టీ కొట్టు దగ్గర ఒకాయన దాన్ని బయటికి చదివాడు. గొర్రె మాట వచ్చినచోట వెనక్కి వెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదివాడు. ఈ చుట్టుపక్కల ఆ దృశ్యం చూడనివాళ్ళు లేరు. ఆ తర్వాత పెదనాయనను గొర్రెలు దాటినాయా అని ఎవరూ అడగలేదు.

కథను మెచ్చుకున్నవాళ్ళకు, ఆ వాక్యం మా పెదనాయనదని చెప్తూ వచ్చాను. అలా చెప్పడం నాకు ఇష్టం. ఆయన మాత్రం "నాదేముందప్పా, గొర్రెది" అనేవాడు.

బుధవారం రెండు గంటలకు మట్టి చేశాం. ముదిగుబ్బ వైపు నుంచి పదకొండు మంది కాపరులు తమ మందలను పక్కవాళ్ళకు అప్పగించి వచ్చారు. తలా గుప్పెడు మన్ను వేసి, కాళ్ళు కడుక్కొని, మూడున్నరకు వెళ్ళిపోయారు.