ఒక కాలు నీలం, ఒక కాలు పసుపు

పొద్దున ఆరింటికి మా అద్దె ఇంట్లో ఉండే బాస్సు ఎడమ కాలికి నీలం బూటు, కుడి కాలికి పసుపు బూటు వేసుకుని వాకిట్లో అటూ ఇటూ పరుగెత్తుతాడు. ఏ జోడు మేలో తేలాలి కదా. తేలేసరికి ఏడవుతుంది. ఈ ఇఫ్రాన్ కొండ ఊళ్లో పరుగు సాధన చేసేవాళ్లం ఎవరి కోసమూ ఆగం. ఆరుంబావుకి గుంపు కదిలిందంటే కదిలినట్టే. అందుకే తొమ్మిదేళ్లపాటు బాస్సు దేవదారు అడవిలో ఒంటరిగానే పరుగెత్తాడు. మేము తిరిగొస్తుంటే ఎదురుపడి చెయ్యి ఊపేవాడు.

బూట్లతో అయిపోతే బాగుండేది. మేజోళ్లు, టోపీ, సరస్సు దారా అడవి దారా, రొట్టె మీద తేనా ఆలివ్ నూనా. టీకొట్టు హమ్మూ రెండూ ముందు పెట్టి లోపలికి పోయేవాడు. ఏదో ఒకటి తేల్చుకునేలోపు పుదీనా టీ చల్లారేది, మా బల్ల ఖాళీ అయ్యేది.

మారథాన్ ఎప్పుడని అడిగితే ఒళ్లు ఇంకా పూర్తిగా కుదరలేదనేవాడు. ఒక ఏడు గాలి బాగాలేదు, ఒక ఏడు మోకాలు. మరో ఏడు రెండూ బాగానే ఉన్నాయి, అదే అనుమానంగా ఉందన్నాడు.

ఈ శీతాకాలం ఇమిల్షిల్ అనే ఊరి నుంచి ఇత్తో అనే అమ్మాయి పరుగు సాధనకి వచ్చి మా అద్దె ఇంట్లోనే దిగింది. వారంలోనే గుంపుకి వెనకబడింది. వెనకబడినవాళ్లని అడవిలో గొర్రెల కాపర్ల కుక్కలు వదలవు. రెండోసారి తరిమాక, ఇక పరుగొద్దు ఏమీ వద్దని సంచీ సర్దుకుని బయల్దేరింది. వాకిట్లో బాస్సు ఉన్నాడు.

"ఒక్క సాయం చెయ్యమ్మా. పక్కనే పరుగెత్తి ఏ కాలి చప్పుడు బరువుగా ఉందో చెప్పు. నాకు వినపడి చావట్లేదు."

"బస్సుకి టైమైంది అన్నా."

"రేపు బస్సు ఉండదా ఏం?"

ఆ రంగుల బూట్లతో అతను రోడ్డెక్కడం మేము చూసింది అదే మొదటిసారి. చేతిలో కుక్కల కోసం ఒక కర్ర. కర్రని మాత్రం ఎంచుకోలేదు, దొరికింది పట్టుకున్నాడు.

తిరిగొచ్చాక ఎడమ కాలే బరువని ఇత్తో తేల్చింది. గాలి చప్పుడు కలిసిందేమో, రేపు మళ్లీ చూద్దామన్నాడు. మర్నాడు గాలి లేదు గానీ రోడ్డు తడిగా ఉంది. ఆ మర్నాడు ఇంకేదో. మంచు కరిగేదాకా ఈ పరీక్ష సాగింది. ఆ తర్వాత ఒక పొద్దున ఇత్తో మా గుంపుతో సమంగా పరుగెత్తింది.

ఆ రోజే వాకిట్లో అతన్ని నిలదీశాను. "నిజం చెప్పు. ఏ జోడు మంచిది?"

"పసుపుది. ఆ పిల్ల చెప్పిన మొదటి రోజే తెలిసిపోయింది."

"మరి ఇన్నాళ్లూ?"

"తేలిందంటే బస్సెక్కేస్తుంది కదరా."

అయినా నీలం జోడు పారేయలేదు. మర్నాడు మళ్లీ రెండూ ముందేసుకుని కూర్చున్నాడు. కానీ ఇప్పుడు ఆరుంబావుకి ఇత్తో అతని గుమ్మంలో నిలబడుతోంది. "చలేస్తోంది అన్నా," అంటుంది. అంతే, చేతికందినవి తొడుక్కుని వచ్చేస్తాడు. టీ కూడా వేడివేడిగానే తాగుతున్నాడు.

మెక్నెస్ మారథాన్‌కి తన పేరుతో పాటు అతని పేరూ ఆమే ఇచ్చేసింది. అతన్ని అడగలేదు. అడిగితే వచ్చే ఏడు చెబుతాడు. బాస్సు ఎదురుగాలిలోనే పరుగెత్తాడు, మోకాలి నొప్పితోనే ముగించాడు. నూట పద్నాలుగో స్థానం.