అద్దం వెనక ఎర్రలైటు

మా కరెంటు మేస్త్రి పోయారన్న కబురు సోమవారం పొద్దున్న డ్రైవర్ తెచ్చాడు. నేను డిస్పెన్సరీ తలుపులు తీసి, ఉడకబెట్టిన సూదులు ట్రేలో సర్దుకుంటున్నాను. అతను లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“సిస్టరమ్మా, మేస్త్రి పోనారు. శుక్రారం నమాజుకెల్లొచ్చి, అన్నం తిని నడుం వాల్చినారట. మరి లేగనేదు.”

“నీకెవరు చెప్పారు?” అన్నాను.

“పాతూరు నుంచి ఆలల్లుడొచ్చి సెప్పినాడు.”

“అల్లుడేనా? అతన్ని ముందెప్పుడైనా చూశావా?”

డ్రైవర్ నా వంక చూసి మొహం తుడుచుకున్నాడు. “ఆయన నేర్పిన బుద్ధే గదమ్మా మనకి,” అన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆయన మా ఫ్యాక్టరీ మనిషి కాదు. పాతూరులో ఇల్లు, ఆటోనగర్‌లో రేకుల షెడ్డు. బళ్లకి లైట్లు, హారన్లు, వైరింగు ఆయన పని. మల్కాపురం పక్కనున్న మా ఫ్యాక్టరీ బళ్లకి ఏ కరెంటు పనొచ్చినా ఆయన్నే పిలిచేవారు. నేను అక్కడి డిస్పెన్సరీలో నర్సుని. ఎవరికి దెబ్బ తగిలినా అంబులెన్స్‌లో పక్కన కూర్చుని పెద్దాసుపత్రి దాకా వెళ్లేదాన్ని. అలా మా ఇద్దరికీ పరిచయం.

ఆయన్ని అందరూ అనుమానప్పక్షి అనేవారు. కాలిపోయిన బల్బు చూడమంటే ముందు వెలిగే బల్బు మీద తన టెస్టరు పెట్టి చూసేవారు, టెస్టరు బతికుందో లేదోనని. ‘బాగుంది మేస్త్రీ’ అని ఎవరైనా అంటే, “బాగుందంటే ఎవులికి బాగుంది?” అని అడిగేవారు. బండి బాగుచేసి వెళ్తూ గేటు దాకా నడిచి, మళ్లీ వెనక్కొచ్చి చూసుకునేవారు. ఇలాంటి మనిషిని చూస్తే మొదట్లో నాకు చిరాకు. చిరాకు తెప్పించే మనిషిని అనుమానించడం ఎంత సులువో తరవాత తెలిసింది.

మా అంబులెన్స్ టాపు మీద గుండ్రటి ఎర్రలైటు ఉండేది. షెడ్ల మధ్య రోడ్డుకి అడ్డంగా ఆవిరి గొట్టాలు కిందికి వేలాడుతూ వెళ్లేవి. వాటికి తగిలి ఆ లైటు రెండుసార్లు పగిలింది. మా రవాణా ఆఫీసరు విసిగిపోయి, ఈసారి లైటు బండి లోపలే, ముందద్దం వెనక పెట్టించండన్నారు. నమూనాలు మూడు తెప్పించారు. ఒకటి డ్యాష్‌బోర్డు మీద కూర్చుని గిర్రున తిరిగే పెద్ద లైటు. ఒకటి రెండు బల్బులున్న చదునైన పెట్టె, నాలుగు వేళ్ల ఎత్తు, అద్దం పైఅంచున బిగించాలి. మూడోది రబ్బరు చిప్పతో అద్దానికి అతికించే చిన్న లైటు. ముందు సీట్లో కూర్చునేది మీరిద్దరే కాబట్టి మీరే ఎంచండని నాకూ డ్రైవర్‌కీ చెప్పారు. నాకు తిరిగే లైటు నచ్చింది. వెలిగిస్తే డిస్పెన్సరీ గోడలన్నీ ఎర్రబడ్డాయి.

మేస్త్రి మూడింటినీ తిప్పి తిప్పి చూశారు. ఒక్కదానికీ తలూపలేదు.

“ఈ లైటు ఎవులి కోసం సిస్టరమ్మా?”

“దెబ్బ తగిలినవాళ్ల కోసం.”

“కాదు. ముందరెల్లే లారీవోడి కోసం. ఆడికి కనపడాల. మన డ్రైవర్‌కి కనపడకూడదు. రెండూ సూసిందాకా నాను బిగించను. బండి నా షెడ్డులో ఒగ్గీసి ఎల్లండి.”

ఒక రోజన్నారు, మూడు రోజులైంది. బండి ఏం చేస్తున్నారో అడిగితే చెప్పరు. నాలుగో రోజు డ్రైవర్‌ని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. మా అంబులెన్స్ ఒక పక్కనుంది, తలుపులూడదీసి. రెండో పక్క ఒక జీపు. పక్కలకి ముదురు రంగు తెరలు, వెనక నంబరు మీద బురద. ముందద్దం వెనక, పైఅంచున, మాకొచ్చిన లాంటిదే చదునైన ఎర్రలైటు.

నేను దాన్ని చూడటం మేస్త్రి చూశారు. తాపీగా నడిచివెళ్లి ఒక గోనెపట్టా తీసి జీపు అద్దం మీద కప్పారు.

“ఎవరిది మేస్త్రి గారూ అది?”

“మీకెందుకు సిస్టరమ్మా. మీ బండి రేపొస్తాది.”

ఆ రోజుల్లో మల్కాపురంలో టీ కొట్ల దగ్గర ఒకటే మాట. ఎర్రలైటున్న జీపొకటి పోర్టు రోడ్డు మీద తిరుగుతోందని, ఆఫీసర్లమని చెప్పి లారీలు ఆపి సరుకు దింపుకుపోతున్నారని. లైటు చూసి లారీవాళ్లు మారుమాట్లాడకుండా ఆపేవారట. నాకిక వేరే రుజువు అక్కర్లేకపోయింది. తిన్నగా ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాను. గోనెపట్టా సంగతి రెండుసార్లు చెప్పాను.

మర్నాడు ఆఫీసరు గారు మా బండి వెనక్కి తెప్పించి, మేస్త్రి గేటుపాసు తీసేసుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన సామాను సంచీ విప్పించి వెతికాడట. ఆయన ఒక్క మాటా అనకుండా తన స్క్రూడ్రైవర్లు ఏరుకుని, లెక్కపెట్టుకుని వెళ్లిపోయారని తరవాత విన్నాను. ఇంకో షెడ్డువాళ్లొచ్చి గంటలో తిరిగే లైటు డ్యాష్‌బోర్డు మీద బిగించేశారు. నేను ఎంచిన లైటే.

వానాకాలం మొదలైన వారానికి అనుకుంటాను, సాయంత్రం షిఫ్టులో ఒకతని చెయ్యి రోలర్లో పడింది. వానలో బయల్దేరాం. దారిలో వెలుగు తగ్గింది. అంతవరకూ ఆ లైటుని ఎండలోనే వాడాం కాబట్టి మాకేమీ తెలియలేదు. ఇప్పుడు అది తిరిగిన ప్రతిసారీ ముందద్దం లోపలివైపు ఎర్రటి పొర కమ్ముకుంటోంది. పొర విడిపోయేలోగా మళ్లీ కమ్ముతోంది. డ్రైవర్ ఒక చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని నడుపుతున్నాడు.

“నాకేటీ అవుపడ్డం నేదమ్మా,” అన్నాడు.

“ఆపకు, పోనీ,” అన్నాను నేను.

రైలుగేటు దాటాక తోపుడుబండిని గుద్దేశాం. చేపలరేవుకి ఐసు తీసుకెళుతున్న బండి. ఐసుగడ్డలు రోడ్డంతా జారిపోయాయి. బండి తోసే మనిషి లేచి కూర్చున్నాడు, కానీ ఎడమ చెయ్యి మోచెయ్యి దగ్గర వంగిపోయి ఉంది. అతన్నీ ఎక్కించుకున్నాం. డ్రైవర్ ఆ లైటు ఆర్పేశాడు. ఆర్పేశాక మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. ప్రతి లారీ వెనకా ఆగుతూ, హారన్ కొట్టుకుంటూ వెళ్లాం.

తోపుడుబండి మనిషి చెయ్యి అతుక్కుంది. ఫ్యాక్టరీ మనిషి బతికాడు గానీ చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఆలస్యం వల్లేనా, ఎలాగైనా తీసేవారేనా అన్నది డాక్టరు చెప్పలేదు. నేను అడగనూ లేదు. అందరినీ అన్నీ అడిగేదాన్ని, అదొక్కటీ అడగలేకపోయాను.

నాలుగు రోజుల తరవాత సిటీబస్సెక్కి ఆటోనగర్ వెళ్లాను. మేస్త్రి ఒక లారీ కింద పడుకుని వైర్లు లాగుతున్నారు. నా చెప్పులు చూసి గుర్తుపట్టారేమో, బయటికి రాకుండానే అడిగారు.

“ఆ ఐసుబండివోడికి ఎలాగున్నాది?”

“అతుక్కుంటుందన్నారు.”

“మనోడికి?”

చెప్పాను. తరవాత బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, టీ తెప్పించారు.

“మేస్త్రి గారూ, ఆఫీసరుతో చెప్పింది నేనే.”

“తెల్సు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవులూ సెప్పనేదు. గోనె కప్పినప్పుడు మీ మొకం సూసినాను.” టీ ఊదుకుని ఒక గుక్క తాగారు. “మీరు సూసింది అబద్ధం కాదు సిస్టరమ్మా. జీపుకి ఆ లైటు ఎట్టింది నానే. అప్పటికి ఆరేడు నెల్లయింది. డాక్టరు గారి జీపన్నారు. నమ్మీసినాను. ఏ డాక్టరు, ఏ ఆసుపత్రి, ఏటీ అడగనేదు. తర్వాత నా దగ్గరికొచ్చే లారీవోల్లు సెప్తే తెలిసింది. మొన్న బల్బు మాడిపోనాదని ఆలే తెచ్చినారు. మీరొచ్చినప్పుడు నాను లైటు ఎడతన్నాను అనుకున్నారు. తీసేత్తన్నాను.”

లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చి మూత తీశారు. అందులో ఎర్రలైటొకటి ఉంది, వైర్లు మొదలంటా కోసి.

అది ఆ జీపుదేనా? ఎర్రలైట్లన్నీ ఒకేలా ఉంటాయి. జీపువాళ్లు ఊరుకున్నారా అని అడిగాను. ఆయన డబ్బాకి మూత పెట్టేశారు. ఆయన ముందుపన్ను ఒకటి లేదు. అంతకుముందు ఉండేదో లేదో నాకు గుర్తులేదు. ఈ రోజుకీ ఆ కథ మొత్తం నిజమని ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ జీపు మాట టీ కొట్ల దగ్గర మరి వినపడలేదు. నేను తిరిగెళ్లి ఆఫీసరు గారి ముందు నిలబడి, నేను సగం చూసి మొత్తం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన కోప్పడ్డారు. గేటుపాసు మాత్రం తిరిగొచ్చింది.

లైటు ఎంచడం మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మేస్త్రి ఒక షరతు పెట్టారు. “మీరు డ్రైవర్ సీట్లో కూకోవాల.”

కూర్చున్నాను. పట్టపగలు బండి మొత్తానికి టార్పాలిన్ కప్పేశారు. లోపల చీకటి. తిరిగే లైటు వెలిగించారు. ఆ వాన సాయంత్రం డ్రైవర్ కళ్లు చూసినదేమిటో అప్పుడు నాకు తెలిసింది. ఆపమని అరిచాను. రబ్బరు చిప్పది పెట్టారు. అదీ అంతే, పైగా బండి ఊపుకి ఊడి ఒళ్లో పడింది. చదునైన పెట్టె పైఅంచున, ఎడమపక్క, చూపుకి అడ్డం రానంత ఎత్తులో పట్టుకున్నారు. అదీ మెరిసింది, కొంచెం తక్కువగా. అప్పుడు పాత లారీ ట్యూబు ముక్క కోసి, పెట్టె చుట్టూ చూరులా అంటించి, ఆ రబ్బరు అంచుని అద్దానికి నొక్కిపెట్టారు. ఎర్రదనం మాయమైంది. లైటు వెలుగుతోందో లేదో కూడా నాకు తెలియలేదు.

“లోపలోడికి తెలీకపోతే మర్సిపోతాడు గదా,” అని డ్యాష్‌బోర్డు మీద మినపగింజంత చిన్న దీపం ఒకటి పెట్టారు. లైటు వెలిగినంతసేపూ అదీ వెలిగేది. పొట్టిగా ఉన్న మా డ్రైవర్‌ని కూర్చోబెట్టి చూశారు, తరవాత పొడుగ్గా ఉన్న పక్క షెడ్డు వెల్డర్‌ని పిలిచి కూర్చోబెట్టి చూశారు.

“ఇప్పుడు రోడ్డు మీదికెల్లండి సిస్టరమ్మా. వందడుగులు. నాను సెయ్యెత్తినప్పుడల్లా లైటు అవుపడతన్నాదో నేదో సెప్పండి.”

మిట్టమధ్యాహ్నం. ఎండకి అద్దం తళతళలాడుతోంది. ఆయన చెయ్యెత్తారు. కనిపిస్తోందన్నాను. మళ్లీ ఎత్తారు. కనిపిస్తోందన్నాను. అలా ఐదుసార్లు. దగ్గరికి రమ్మన్నారు.

“ఐదుసార్లూ అవుపడిందా?”

“కనపడింది మేస్త్రి గారూ. బ్రహ్మాండంగా ఉంది.”

“మూడుసార్లే ఏసినాను,” అన్నారాయన. ఎగతాళి లేదు ఆ గొంతులో. “కావాలని సెప్పనేదు మీరు. ఉంటాదనుకుంటే అవుపడతాది. మల్లీ ఎల్లండి.”

రెండోసారి వెళ్లినప్పుడు నేను మనసు గట్టి చేసుకుని చూశాను. కనపడనప్పుడు కనపడలేదన్నాను. అది నేననుకున్నంత తేలిక కాదు. ఎండలో వెలుగు చాలడం లేదని తేలింది. ఆయన బల్బులు మార్చారు, వెనక రేకుకి మెరుగుపెట్టారు. ఆరోసారికి మా ఇద్దరి లెక్కా కుదిరింది. అప్పుడు బిగించారు.

ఆ లైటు ఏళ్ల తరబడి పనిచేసింది. మేం పిలవకపోయినా ఆయన నెలకోసారి వచ్చేవారు. పాత పేపరుతో అద్దం లోపలివైపు తుడిచేవారు. నన్ను వందడుగులు నడిపించేవారు. ఒక్కోసారి లైటు వెయ్యకుండానే చెయ్యెత్తేవారు. నేను నవ్వకుండా “లేదు” అనేదాన్ని.

ఎర్రలైటు కావాలని ఎవరొచ్చినా ఆ తరవాత ఆయన ఊరికే బిగించలేదు. ఏ ఆసుపత్రి, ఏ ఊరు, రోగిని పడుకోబెట్టే చోటెక్కడ, అన్నీ అడిగేవారు. అడిగి ఊరుకోకుండా వెళ్లి చూసొచ్చేవారు. ఒక నిజం డాక్టరు గారు దీనికి చాలా కోపం తెచ్చుకుని, ‘నన్నే అనుమానిస్తావా’ అన్నారట. “తమరిని కాదు బాబూ, నన్ను నానే అనుమానిత్తన్నాను. ఒకపాలి ఎట్టీసినాను గదా,” అన్నారట మేస్త్రి. ఈ మాట డ్రైవర్ చెప్పాడు. ఇందులో అతని సొంత కవిత్వం ఎంతుందో నాకు తెలియదు.

ఇంజెక్షన్ ఇచ్చేముందు సీసా మీద పేరు ఇప్పుడు నేను రెండుసార్లు చదువుతాను. రోగి ‘నొప్పి తగ్గిందమ్మా’ అంటే, నన్ను సంతోషపెట్టడానికి అన్నాడా అని ఒక్క నిమిషం ఆగి చూస్తాను. ఒకరి గురించి చెడ్డమాట వింటే, అది చెప్పినవాడు ఎన్నడుగుల దూరం నుంచి చూశాడని అడుగుతాను. ఇవన్నీ ఆయన నాకు కూర్చోబెట్టి చెప్పినవి కావు.

ఆయన్ని చివరిసారి చూసింది నాలుగు నెలల కిందట, మద్దిలపాలెం కూడలిలో. నేను బస్సు కిటికీ పక్కనున్నాను. ఆయన రోడ్డవతల బస్టాపులో నిలబడ్డారు, చాలా చిక్కిపోయి, చేతిలో మందుల చీటీతో. అటు నుంచి ఏదో ఆసుపత్రి అంబులెన్స్ వచ్చింది, అద్దం వెనక ఎర్రలైటు కొట్టుకుంటూ. జనమంతా తలలు తిప్పి బండిని చూశారు. మేస్త్రి ఒక్కరే దానికి వీపు తిప్పి, దాని ముందున్న సిటీబస్సు వైపు చూస్తున్నారు. ఆ బస్సు డ్రైవర్ కళ్లు పక్కద్దంలోకి వెళ్తాయా లేదా అని మెడ చాచి చూస్తున్నారు. బస్సు కొంచెం ఆలోచించి ఎడమకి ఒరిగింది. దాని ముందున్న లారీ ఒరిగింది. ఆ ముందున్న రిక్షా ఒరిగింది. ఆయన ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్క బండీ పక్కకి తప్పుకోవడం చివరిదాకా చూస్తూ నిలబడ్డారు. ఈలోగా ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగి, వెళ్లిపోయింది.