వెంగమ్మ ఆంటీకి చెప్పిన వాసనలు

ఈ ఉదయం వాట్‌ఫర్డ్‌లో మా వంటింట్లో పోపు వేస్తున్నాను. కాగిన నూనెలో కరివేపాకు పడగానే, "పచ్చిదనం పోయింది, ఇంకా మాడలేదు" అని పైకే అనేశాను. పక్కన ఎవరూ లేరు. ఈ అలవాటు చూసి మావారు ఇప్పటికీ నవ్వుతారు, నవ్వనీ. దీన్ని నాకు అంటించింది వెంగమ్మ ఆంటీ. లండన్‌లోని హౌన్స్‌లోలో ఒక షాపు వెనక చిన్న కిచెన్‌లో టిఫిన్లు వండి ఆఫీసులకూ విద్యార్థులకూ పంపేది. మాస్టర్స్ చదివే రోజుల్లో నేను ఆమె దగ్గర పార్ట్‌టైమ్ పని చేశాను.

ఆమెది నెల్లూరు, నాది కరీంనగర్. పొద్దున్నే గరిటె నా ముక్కు కింద పెట్టి, "వాసన చెప్పుమా" అనేది. "బాగుంది ఆంటీ" అంటే ఒంటికాలి మీద లేచేది. "బాగుంది అనేది ఒక వాసనా? పచ్చిగా ఉందా, వేగిందా, మాడిందా?" నాకు వంట నేర్పుతోందనుకున్నాను. కాస్త చాదస్తమని కూడా అనుకున్నాను.

ఆ చలికాలం నాకు జలుబు పట్టింది, వదల్లేదు. ముక్కు దిబ్బడ, చెక్కిళ్ళ కింద బరువు, వంగితే నుదురు పగిలేంత నొప్పి. పై పళ్ళు సలుపుతుంటే పన్ను పుచ్చిందనుకున్నాను. ఇంగ్లండు చలికి అందరికీ ఇంతేలే అని సరిపెట్టుకుని, అమ్మ సూట్‌కేసులో సర్దిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు రోజులు మింగేదాన్ని, కాస్త తేలికపడగానే మానేసేదాన్ని. మా షేరింగ్ ఇంట్లో అందరి వైద్యమూ అదే.

చలి తగ్గుముఖం పట్టాక ఒకరోజు పప్పు పొయ్యి మీద ఉంది. ఆంటీ ఉల్లిపాయలు తరుగుతోంది, నేను డబ్బాలు తుడుస్తున్నాను. ముందున్న షాపాయన తలుపు తోసుకొచ్చి, ఏదో మాడిపోతోందని ఇంగ్లీషులో కేకేశాడు. చూస్తే గిన్నె అడుగంతా బొగ్గు. దాని పక్కనే ఇద్దరం నిలబడి ఉన్నాం.

"నీకు తెలీలేదా మా?"

"జలుబు ఆంటీ. చాన రోజుల సంది వాసన తెలుస్తలేదు. పొద్దుగాల మీరడిగితే అంచనాకు చెప్తున్న. మరి మీకు?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "నాకు ఎప్పుడు తెలిసింది గనక!"

అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్ళూ ఆ కిచెన్‌కి ముక్కు నేనేనని. ఆంటీ ఏళ్ళ తరబడి ఉత్త తలనొప్పి అనుకుని మాత్రలతో నెట్టుకొచ్చిందట. అది సైనస్ అని తేలేసరికి ముక్కులో కండ పెరిగిపోయింది. ఆపరేషన్‌తో ఊపిరి ఆడింది కానీ వాసన తిరిగి రాలేదు. "మనవరాలు పుట్టినప్పుడు దాని తల మీద ముక్కు ఆనించి చూశా. ఏమీ లేదు" అంది. నాకు ఏడుపొచ్చింది. మాడిన పప్పు సంగతి మరిచిపోయి, నా ముక్కు గురించి భయం పట్టుకుంది.

ఆమె నన్ను వంగమని, చెక్కిళ్ళు నొక్కి చూసింది. అబ్బా అన్నాను. "రేపు పని లేదు. జీపీ డాక్టరు దగ్గరికి పోతన్నాం."

"వాళ్ళు మందులియ్యరాంటీ, పారాసెటమాల్ వేసుకోమంటరు."

"రెండు మూడు వారాల్లో దానంతటదే పోయేదానికి మందెందుకిస్తారు? నీది నెలలు దాటిందని చెప్పు. వాసన పోయిందని చెప్పు. నోరు లేదా నీకు?"

జీపీ క్లినిక్‌కి ఆమే వెంట వచ్చింది. మూడు నెలలు దాటిన సైనస్ సంగతి వేరని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు యాంటీబయాటిక్ అవసరం లేదంది. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే రాసి, కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి రోజూ ముక్కు కడుక్కోమంది. కన్ను చుట్టూ వాచినా, చూపు మసకబారినా ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి పొమ్మంది. వాసన తిరిగి వస్తుందా అని అడిగితే, వచ్చే అవకాశం ఉందని మాత్రం అంది.

పని పోతుందనుకున్నాను. "ముక్కు లేని వంటమనిషిని ఇన్నేళ్ళు భరించా, ఇంకొకదాన్ని భరించలేనా?" అంది ఆంటీ. ఆవాల చిటపట ఎప్పుడు సన్నబడుతుందో, ఉడికే పప్పు చప్పుడు ఎప్పుడు మందగిస్తుందో వినమని, చెవితో వండటం నేర్పింది. ఉప్పునీళ్ళతో కడుక్కున్నావా అని అడగందే ఏప్రన్ ఇచ్చేది కాదు. మొండిదానికి మొండిదే మందు.

వారాలు గడిచాయి. ఒక ఉదయం నూనెలో కరివేపాకు వేయగానే ముక్కుకి సన్నగా ఏదో తగిలింది. "ఆంటీ! వాసనొస్తుంది!" అని అరిచాను. ఆమె పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని నా ఎదురుగా నిలబడింది.

"చెప్పు."

"కరివేపాకు ఆంటీ."

"పేరు గాదుమా, వాసన చెప్పు."

"పచ్చిగ... నిమ్మతొక్క గిల్లినట్టు... వెనక కొంచెం పొగ."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఆఁ, అదే. మా అమ్మ వంటింట్లో అదే." ఆ రోజు నాకంటే ఆమె ఎక్కువ సంతోషించింది, ఒట్టేసి చెప్పగలను.

ఇప్పుడు ఆంటీ వంట మానేసి, కోవెంట్రీలో కూతురి దగ్గర ఉంటోంది. జలుబు చేసిందని ఎవరైనా సూట్‌కేసు మాత్రలు బయటికి తీస్తే అచ్చం ఆమెలాగే కసురుతాను. ఆదివారాలు తనే ఫోన్ చేసి, "పొయ్యి మీద ఏముందిమా?" అంటుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఒక్కొక్క వాసనా చెప్తూ వండుతాను. ఎప్పుడైనా తొందరలో గబగబా చెప్పేస్తే మధ్యలోనే ఆపుతుంది.

"మెల్లగామా. నేనింకా వాసన చూస్తన్నా."