బండి పోయేంత దారి

“బండి అంటే ఎడ్లబండి. నాన్న ఆ మాట అన్న రోజున ఈ ఇంట్లో ఉన్నది అదొక్కటే.”

“నాన్న బండి అన్నాడు. ఎడ్లు నువ్వు తగిలించినవి.”

“ఆయన చేత్తో ఎటు చూపించాడో నేను చూశాను.”

“చూడవూ మరి. మంచం దిగకుండా కూర్చున్నావుగా, ఆయన చెయ్యి నీ ఒళ్ళోనే ఉండి ఉంటుంది.”

నేను పంపుషెడ్డులో మోటారుకి బెల్టు ఎక్కిస్తూ ఇదంతా విన్నాను. మొదటి గొంతు మా అమ్మది. రెండోది ఆమె చెల్లెలిది, అంటే మా పిన్నిది. ఇద్దరి మధ్యా ఛాతీ ఎత్తు రాతిగోడ ఉంది. అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి రోజూ అదే పాట. ఆ గోడకి చెవులుంటే ఈపాటికి చెవుడొచ్చేది.

పిన్నిని అందరూ కండక్టరమ్మ అంటారు. సగం వయసు బస్సులోనే గడిపింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం బస్సంత. టికెట్ తియ్యనివాణ్ణి నడిరోడ్డు మీద దింపేసేది. వాడు డిపో మేనేజరు బావమరిది అయినా సరే. ఒకసారి నిజంగానే ఆ బావమరిదిని దింపేసింది. అప్పట్నుంచి అన్నీ తెల్లవారుజాము డ్యూటీలే వేశారు. కొన్నాళ్ళు పళ్ళు నూరుకుంటూ చేసింది. చివరికి టికెట్ మెషీను మేనేజరు బల్ల మీద పడేసి, చిల్లర సంచీ దాని పక్కన బోర్లించి, వచ్చేసింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, సీటు ఖాళీ లేదని చెబుతుంది.

ఆమె అంటే నాకు పెద్దగా ఇష్టం లేదు. నేను కాలేజీ మధ్యలో మానేసినప్పుడు, నలుగురు కూర్చుని ఉండగా, “వీడు స్టేజీ రాకముందే దిగిపోయాడు” అంది. అందరూ నవ్వారు. ఇప్పటికీ నేను ఎదురైతే ఏ స్టేజీలో దిగుతావని అడుగుతుంది.

మా తాతయ్య పొలం పంచింది నోటిమాటతోనే. ముందు పొలం పెద్దదానికి, వెనక పొలం చిన్నదానికి, మధ్యలో బండి పోయేంత దారి అన్నాడు. ఇద్దరూ ఊఁ అన్నారు. ఆయన పోయాక మా అమ్మ చేసిన పని ఏమిటంటే, పాకలో మూలపడి ఉన్న ఎడ్లబండిని బయటికి తీయించింది. ఎడ్లు ఎప్పుడో పోయాయి కాబట్టి కూలీల చేత లాగించింది. కాలవ గట్టుని ఆనించి ఆ బండిని నడిపిస్తూ, దాని ఇరుసు కొస ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ, ఒక బెత్తెడు వదిలి, గోడ కట్టించింది. పంపుషెడ్డు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. మలుపులోనూ అదే కొలత. ఒక పక్క గోడ, ఒక పక్క కాలవ. అప్పుడు పిన్ని వరస డ్యూటీల్లో ఉంది. సెలవు దొరికి వచ్చేసరికి సున్నం ఆరిపోయింది.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిన్ని ఆ పొలాన్ని ఎడ్లున్న రైతుకి కౌలుకిచ్చింది కాబట్టి గోడ సంగతి మాటలతోనే గడిచిపోయింది. ఉద్యోగం వదిలేసరికి ఆ రైతూ ఎడ్లు అమ్మేశాడు, పొలం ఒక్కటే మిగిలింది. ఐదెకరాల బంకనేల. అద్దె ట్రాక్టర్లవాళ్ళు ఆ దారిలోకి రామన్నారు. ఒకడు ధైర్యం చేసి వచ్చాడు గానీ, మడ్‌గార్డు గోడకి రాసుకుంది. రాయి కదిలిందని మా అమ్మ వాడితో గోడ బాగు చేయించింది. వాడు వెళ్ళి మిగతావాళ్ళకి చెప్పాడు. పోయిన పంటకి పిన్ని నేల దున్నకుండానే ఉండిపోయింది. నడుమెత్తు కలుపు మొలిచింది. ఈసారి కూడా వానలలోపు దున్నకపోతే తిండికి గడవదు, ఆ దారి చూసి ఇంకెవరూ కొనరు కాబట్టి ఆ నేలని మా అమ్మకే ఇచ్చేసి పోవాలి. మా అమ్మ కోరుకునేదీ అదే. దాచుకోదు కూడా.

అలాంటి రోజుల్లో పిన్ని నేను పనిచేసే ట్రాక్టర్ల షోరూంకి వచ్చింది. అద్దాల తలుపు తోసుకుని, వరసగా ఉన్న బళ్ళని బస్టాండులో ప్రయాణికుల్ని చూసినట్టు చూసింది. మూలనున్న పెద్దదాని దగ్గర ఆగి, దాని టైరుని చెప్పుకాలితో తన్నింది.

“ఇదెంత?”

యాభై హార్స్‌పవర్ అన్నాను.

“ఇదే. రేపు పొలానికి తీసుకురండి, నడిపి చూస్తా.”

“ఐదెకరాలకి యాభై ఎందుకు పిన్నీ? గోడని దున్నుతావా?”

“అవసరమైతే.”

తమాషాకి అన్న మాట కాదది. ఆమె లెక్క తర్వాత అర్థమైంది. పెద్ద బండి కొని దారి మొదట్లో నిలబెడితే, నాన్న ఇమ్మన్న దారిలో నా బండి పోవడం లేదని నలుగురినీ పిలవచ్చు. బండి అన్న మాటకి అర్థం అప్పుడు మా అమ్మ చేతిలో ఉండదు. గోడ జరపాలి. అంటే పిన్ని చూస్తున్నది హార్స్‌పవర్ కాదు, వెడల్పు.

నేను చెప్పాల్సింది చెప్పాను. బంకనేలలో బరువు బండి దిగబడుతుంది. కాలవ వైపు సగం పొలం ఎప్పుడూ తడే. ఇంత చిన్న పొలం చెక్కలో పెద్దదాన్ని తిప్పుకోవడానికే జాగా చాలదు, గట్టు పక్కనంతా దున్నకుండా మిగిలిపోతుంది. ఆవిడ నా వైపు చూడకుండా సీటు మీద దుమ్ము దులుపుకుంది. ఓనరు నన్ను పక్కకి పిలిచి, అడిగింది చూపించు, మీ ఇంటి గొడవ షోరూం బయట పెట్టుకో అన్నాడు.

మర్నాడు షోరూం డ్రైవరు పెద్దదాన్ని తెచ్చాడు. వెనక రోటవేటర్ తగిలించి ఉంది. నేల గుల్లచేసే కత్తుల చట్రం అది, టైర్ల కంటే రెండు పక్కలా బయటికి పొడుచుకుని ఉంటుంది. పిన్ని అంతకు ముందే ట్రాక్టరు కొలత తీసుకుంది. తన చేతులు రెండూ చాచి ఇంజను ముందు నిలబడి, తర్వాత దారిలో నిలబడి, సరిపోతుంది, గోడకి రాసుకునేంత మాత్రమే అని తేల్చింది. రాసుకోవాలనే, దారి చాలదని నలుగురికీ చూపాలనే ఆమె కోరిక. వెనకనున్న చట్రాన్ని మాత్రం కొలవలేదు. బస్సుకి వెనక ఏమీ ఉండదు.

మా అమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గోడకి అవతల వేసుకుని కూర్చుంది.

పిన్ని ట్రాక్టరుకి ముందు నిలబడి వెనక్కి నడుస్తూ, అరచేత్తో బానెట్టు మీద చరుస్తూ, “రానీ, రానీ” అంటూ పిలిచింది. తిన్నగా ఉన్న దారి బాగానే దాటింది. మలుపులో రోటవేటర్ కొస గోడలోకి దిగింది. రెండో కొస కాలవ గట్టు మీదకెక్కింది. ఇంజను మూలిగింది.

“పోనీ,” అంది పిన్ని.

“గోడ పడిపోతుందమ్మా,” అన్నాడు డ్రైవరు.

“అందుకే పోనియ్యమంటున్నా.”

డ్రైవరు ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. గొడవ పడే వయసు దాటిపోయింది, నా పిల్లలు చిన్నవాళ్ళు అన్నాడు. ఆ రెండు మాటలకీ పొంతన ఏమిటో ఎవరూ అడగలేదు.

మా అమ్మ కుర్చీలోంచి లేవకుండానే అంది. “బండి తగ్గించుకోనక్కర్లేదు, నోరు తగ్గించుకో. సగం దారి అదే ఆక్రమించింది.”

“నోటికి గోడ కట్టించడం నీకింకా చేతకాలేదుగా అక్కా. అదే నీ బాధ.”

“ఆ రోజు కూడా వస్తుంది.”

“వస్తే నువ్వు అటుపక్కే ఉండు.”

ముందుకి పోలేని బండి వెనక్కి రావాలి. ఇరుకు దారిలో, వెనక అంత చట్రంతో, వెనక్కి రావడం నరకం. అప్పుడు పిన్ని బండి వెనక్కి వెళ్ళి నిలబడింది. బస్సు పక్కన చరిచినట్టు మడ్‌గార్డు మీద చరిచింది. ఒక దెబ్బకి రావాలి, రెండు దెబ్బలకి ఆగాలి. డ్రైవరు తల తిప్పకుండా ఆ చప్పుడు మీదే వచ్చాడు. మరో రాయి కదలకుండా రోడ్డు మీదకి తెచ్చింది. గోడని పడగొట్టడానికి వచ్చిన మనిషి గోడకి ఇంకో గీత పడకుండా బండిని బయటికి తీసింది. ఆ చేతికి తప్పుగా కొట్టడం రాదు, ఎంత కడుపుమంట ఉన్నా. మా అమ్మ కుర్చీ ఎత్తి పట్టుకుని లోపలికి పోతూ కిసుక్కున నవ్వింది.

మూడు రోజులు పిన్ని మాకెవరికీ కనపడలేదు. తర్వాత షోరూంకి వచ్చి, నేరుగా నా బల్ల ముందు కూర్చుంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. షోరూంలో పగలే లైట్లు వేశాం.

నేను గోడవారగా ఉన్న చిన్నదాన్ని చూపించాను. ఇరవై ఎనిమిది హార్స్‌పవర్. తోటల మధ్య నడపడానికి తయారుచేసిన ఇరుకు బండి. దానికి తగ్గ చిన్న రోటవేటర్ ఉంది, అది టైర్ల వెడల్పు దాటదు. ఐదెకరాలకి చాలు. బరువు తక్కువ, తడినేలలో దిగబడదు. పెద్దది ఒక పూటలో చేసేది దీనికి రెండు పూటలు పడుతుంది, అంతే తేడా అన్నాను.

“ఇది బండా? పిల్లాడికి కొనిపెట్టే బొమ్మ.”

“దారిలో పడుతుంది.”

“అదే నాకొద్దు,” అంది. ఆ మాట మాత్రం మెల్లిగా అంది. “ఇది ఆ దారిలో పోయిందంటే గోడ సరైన చోటే కట్టినట్టు. మీ అమ్మ గెలిచినట్టు. తెలుస్తోందా నీకు?”

తెలుస్తోందన్నాను. వాన పడితే ఇంకా గట్టిగా గెలుస్తుంది, పొలం కూడా వస్తుంది అని కూడా అన్నాను. ఎవరో ఒకరు అనాలి. నన్ను కొట్టేలా చూసింది. కానీ లేచి వెళ్ళిపోలేదు. మీ అమ్మ ఇంట్లో లేని పూట చెప్పు అంది.

మా అమ్మ కళ్ళద్దాలు మార్పించుకోవడానికి వెళ్ళిన మధ్యాహ్నం చిన్నదాన్ని తీసుకెళ్ళాం. పిన్ని మళ్ళీ ముందు నడిచింది, చెయ్యి పైకెత్తి ఉంచుకుని. చరిచే అవసరం రాలేదు. మలుపు దగ్గర మాత్రం ఆగి, గోడకీ టైరుకీ మధ్య అరచెయ్యి దూర్చి చూసుకుంది. చెయ్యి పట్టింది.

వెనక పొలంలో కలుపు నేల మీద ఒక్కో చాలు పడుతూ పోయింది. కాలవ పక్క తడిలోకి దించమని ఆమే పట్టుబట్టింది. దిగబడాలని చూసిందేమో తెలియదు. బండి కాస్త జారి, నిలదొక్కుకుని, అవతలికి పోయింది. పిన్ని చెప్పు విడిచి, టైరు ముద్రలో మడమ పెట్టి లోతు చూసింది. చీలమండ కూడా మునగలేదు. బండి బాగా పనిచేసినందుకు మనిషికి అంత కోపం రావడం నేను ఇంకెక్కడా చూడలేదు. చప్పుడు కుట్టుమిషనులా ఉందంది. సీటు గట్టిగా ఉందంది. డ్రైవరు చాళ్ళు వంకరగా తీస్తున్నాడని అరిచింది. చాళ్ళు తాడు పట్టి గీసినట్టు ఉన్నాయి. డ్రైవరు నా వైపు చూసి భుజాలెగరేశాడు.

సగం పొలం నల్లగా తిరగబడేసరికి దూరంగా ఉరుము వినిపించింది. మిగతాది ఆపకుండా చెయ్యమని డ్రైవరుకి కేకేసి, వచ్చి గోడ ఎక్కి కూర్చుంది. మా అమ్మ గోడ. దాని మీద ఆమె కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. చెప్పులకంటిన బంకమట్టిని గోడ రాళ్ళకే రాసి తుడిచింది, అటు వైపు, మా అమ్మకి కనపడేలా.

“ఇదే రాసుకో,” అంది. “ఇంక తిరిగి తీసుకెళ్ళద్దు, ఇక్కడే ఉంచు.”

సరేనన్నాను. పోబోయాను. చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఒరేయ్. మీ అమ్మ సాయంత్రం అడుగుతుంది, ఇది కొందేంటని. పెద్దదే ఇస్తామన్నాం, కంపెనీ నుంచి రావడం ఆలస్యమైంది, వాన ముంచుకొస్తోందని చేతికందింది అంటగట్టాం అని చెప్పు. నన్ను మోసం చేశామని చెప్పినా పరవాలేదు. దారిలో పట్టిందన్న మాట మాత్రం నీ నోటెంట రానివ్వకు.”