గెలిచింది తుపాకి

మెదక్ బస్టాండులో నా పేపర్లో షూటింగ్ పోటీ ఫొటో చూసి, పక్కన కూర్చున్న పెద్దాయన మూతి విరిచాడు. ఎనభై దాటిన మాజీ సైనికుడు. భార్యతో కౌడిపల్లి పోతున్నాడు.

"మా కాలంల ఒక్కో తూటాకు చేత్తోని బోల్టు గుంజి కొట్టినం సార్. బెటాలియన్ పోటీల కప్పు ఎప్పుడూ నాదే. గప్పుడు దానంతటదే తూటా ఎక్కిచ్చుకునే రైఫిల్ వచ్చింది. గది చేతగానోళ్లకని మస్తు నవ్విన. ఇస్తే ముట్టలే."

"తర్వాత?"

"కొత్తగ చేరినోడొకడు గా రైఫిల్‌తోని కప్పు ఎత్కపోయిండు. నేను బోల్టు గుంజేలోపల వాడు మల్ల కొడ్తుండె." నిన్ననే ఓడినట్టు మండిపడ్డాడు. "అయినా గెల్సింది తుపాకి సార్, వాడు కాదు."

అప్పటిదాకా సీతాఫలం తింటున్న భార్య గింజ ఉమ్మి ఇటు తిరిగింది.

"మరి నువ్వు గెల్సినప్పుడు? గప్పుడు నువ్వు గెల్సినవా, తుపాకి గెల్సిందా?"

మా గోదావరి వైపు ఆ వయసు ఆడవాళ్లు మొగుణ్ని నువ్వు అనగా నేను వినలేదు. ఈమె అనడమే కాదు, తినడం ఆపి జవాబు కోసం చూస్తోంది.

పెద్దాయన మీసం సవరించుకున్నాడు, దగ్గాడు, నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు.

"నా తుపాకి గూడ మంచిదే ఉండె" అన్నాడు చివరికి.