బావ చేసిన గిటారు పెట్టె

అయినా ఇంత తొందరేమొచ్చిందని? మా ఇద్దరి మధ్య తేలాల్సిన మాట ఒకటి అలాగే ఉండగా, పది రోజుల కిందట గురువారం పొద్దున చాయ్ తాగి, కోరుట్లలో తన కార్ఖానా గడప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు మా బావ. మా అక్క భర్త. ఫోన్ వచ్చినప్పుడు కూడా నేను వెంటనే నమ్మలేదు. నమ్మకపోవడం నాకు చిన్నప్పటి అలవాటు. బడిలో ఎక్కాలు కూడా రెండోసారి లెక్కపెట్టుకునే రకం.

బావ స్పీకర్ పెట్టెలు చేసేవాడు. అందులోనూ గిటారు తగిలించి మోగించే పెట్టెలంటే ప్రాణం. పుట్టింది సిరిసిల్లలో, మగ్గమున్న ఇంట్లో. చేమగ్గాలు మూలబడి ఇంటికొకరు బతుకుదెరువుకు భివండి దారి పట్టిన రోజుల్లో, విప్పేసిన మగ్గాల టేకు కర్ర పొయ్యిలోకి పోతుంటే ఆయన కొని తెచ్చుకునేవాడు. "మగ్గం ఇప్పుతున్నరంటె చాలు, గద్ద లెక్క దిగుతడు" అని చందుర్తిలో మా అమ్మ కూడా అనేది, సొంత అల్లుణ్ని.

"ముప్పై ఏండ్లు దడదడ మోత తిన్న కర్ర అత్తా ఇది. గిటారుకు బెదురుతదా?" అనేవాడు బావ.

ఆయనకూ అనుమానం తక్కువేం కాదు, కాకపోతే అది చెక్క మీద. పలకను మూడుచోట్ల వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, దొంగను పట్టుకున్న పోలీసులా చూసేవాడు. మేకు ముట్టేవాడు కాదు. వేళ్లలో వేళ్లు దూర్చినట్టు పలకలను కలిపి జిగురు పెట్టేవాడు. "మేకు కొట్టిన పెట్టె దగ్గుతది" అనేవాడు. రంపపు పొట్టు నొక్కి చేసిన అట్టలతో ఎవరైనా పెట్టె చేయమంటే నా వైపు చూపించేవాడు: "గది రెండు వానలకే ఉబ్బుతది, మా బామ్మర్ది లెక్క."

అప్పట్లో నేను జగిత్యాలలో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ని. నాకు పెట్టె చేసే ముందు బావ నన్ను ఒక పూటంతా వాయించమని కూర్చోబెట్టి, నా చెయ్యి చూశాడు. "నీది మొరటు చెయ్యి. వెనక మొత్తం మూసేద్దాం, మోత లోపల కుదురుకొని బయటికస్తది" అన్నాడు. పైన నల్ల రెగ్జిన్, వెనక ఎనిమిది స్క్రూలు. కొత్తలో అది రేకు డబ్బా మీద గోరు గీసినట్టు మోగింది. "ఇంక మాటలు రాలె దానికి, ఆగు" అన్నాడు.

ఆగడానికి కుదరలేదు. డీజేలు వచ్చి ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. నేను మస్కట్ పోయాను. పెట్టె బావ దగ్గరే పెట్టాను. పెట్టేముందు ఒక పని చేశాను. ఆయన చాయ్‌కి పోయినప్పుడు వెనక పలక విప్పి, లోపలి చెక్క మీద పెన్సిల్‌తో చిన్న త్రికోణం, మధ్యలో చుక్క గీసి మూసేశాను. పాత టేకు పెట్టెకు గిరాకీ ఉంది, నేనేమో రెండేళ్లు రాను. బావ మంచోడే. మంచోళ్ల మీదే కన్నేసి ఉంచాలి, చెడ్డోళ్ల సంగతి ఎలాగూ తెలిసిందే.

రెండేళ్లకు వచ్చి గిటారు తగిలించి తీగ మీటితే, నా చెయ్యి ఆగిపోయింది. ఆ గీరుడు లేదు. మీసం మొలిచిన పిల్లాడి గొంతులా మందంగా, మెత్తగా ఉంది. అంత మంచిగా మారడమే నాకు అనుమానం. ఊరికే ఎవరు మంచి చేస్తారు?

"బావా, నా పెట్టె ఏది?"

"గదే గదా."

"గది గాదు. నాది అమ్ముకొని ఇంకోటి అంటగట్టినవ్."

కార్ఖానాలో ఇంకో నలుగురున్నారు. బావ నవ్వి, స్క్రూలు విప్పే పేచ్‌కస్ నా ముందు పెట్టాడు. "ఇప్పి చూస్కో బామ్మర్దీ."

నేను ముట్టుకోలేదు. విప్పితే ఆయనైనా దొంగ కావాలి, నేనైనా తప్పయిందని అనాలి. రెండూ ఇష్టం లేక పెట్టె ఎత్తుకొని వచ్చేశాను. పన్నెండేళ్లు విప్పలేదు. బావ మా ఇంటికి వచ్చినప్పుడల్లా పోతూ పోతూ దాని మీద చెయ్యేసేవాడు. తప్పు చేసినవాడి చెయ్యి అనుకునేవాణ్ని.

ఈ రోజు ఆయన దినం. నన్ను వాయించమని అక్క అడిగితే నిన్ననే పెట్టె తెచ్చాను. దాన్ని చూడగానే అక్క అన్నది: "నువ్వు మస్కట్ పోయినంక రోజూ పొద్దుగాల రేడియో తగిలిచ్చి దీన్ని మోగిచ్చేటోడు. స్పీకర్ కాగితం మెత్తవడాలె, కర్ర సదురుకోవాలె, పిలగాడు అచ్చేసరికి పలుకాలె అని. రెండేండ్లు నా చెవులు పోయినయ్ తమ్మీ."

"మరి నాకెందుకు చెప్పలె?"

"నువ్వు అడిగినవా? దొంగ అంటివి."

ఇప్పుడు కార్ఖానాలో ఒక్కణ్నే కూర్చొని ఎనిమిది స్క్రూలూ తీశాను. పెన్సిల్ గీత లేదు. ఆ గీత మీదుగానే, వెంట్రుకంతైనా పక్కకు పోకుండా, ఉలితో చెక్కి ఉంది. త్రికోణం, మధ్యలో చుక్క. అంచులు గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాడు. నా అనుమానం చెరిగిపోకుండా చూశాడు మహానుభావుడు.

ఎప్పుడు చెక్కాడు? ఇక్కడా నాకు అనుమానమే. నేను దొంగ అన్న తర్వాత అయితే కొంత నయం. కానీ నేను తీసుకుపోయాక పెట్టె నా ఇంట్లోనే ఉంది, ఆయన చేతికి పేచ్‌కస్ నేనెప్పుడూ ఇవ్వలేదు. అంటే నేను నలుగురిలో ఆ మాట అన్నప్పుడు ఇది లోపల ఉంది. ఆయనకు తెలుసు. చెక్కిన గాడి రంగు, చుట్టూ పలక రంగు ఒక్కటైపోయాయి. ఆ చుక్కలో నా వేలి కొస సరిగ్గా పడుతోంది, తీయబుద్ధి కావడం లేదు. బావా, ఆ రోజు నేను పేచ్‌కస్ అందుకొని ఉంటే, కనీసం...

"తమ్మీ! అందరచ్చిండ్రు, పెట్టె మూసి తీస్కరా!"