తాలుకాయల బడి

ఇన్నాళ్ళూ నేనేమీ రాయకపోవడానికి పెద్ద కారణమేం లేదు, రాయడం రాదు. చిన్నప్పుడు మిరపకోతలు మొదలైతే అమ్మ నన్ను చేలోకి తీసుకెళ్ళేది. కోతలయ్యేసరికి బడిలో నా పేరు ఉండేది కాదు.

నాకు యాభై దాటాక, నందిగామ పక్కన మా ఊళ్ళో, రిటైరైన టీచరమ్మ ఒకావిడ వలసకూలీల పిల్లలకి చర్చి వరండాలో ఉచితంగా చదువు చెప్పడం మొదలుపెట్టారు. వరండా ఊడ్చిపెట్టడానికి వెళ్ళి నేనూ వెనక వరసలో కూర్చుండిపోయాను. పక్కన కూర్చునే చిన్నపిల్ల నా పలక చూసి, "అమ్మమ్మా, నీ అక్షరాలకి నిద్రొస్తంది, ఒరిగిపోతున్నాయి" అనేది. నవ్వలేక చచ్చేదాన్ని.

ఈ ఏడు కాయ కల్లానికి చేరగానే, డేరాల దగ్గర చూసేవాళ్ళు లేక తల్లులు పిల్లల్ని కూడా తాలు ఏరడానికి తీసుకుపోయారు. తాలంటే రంగుపోయి తెల్లబడ్డ మిరపకాయ. వరండాలో టీచరమ్మ, నేను మిగిలాం. పిల్లల్లేని బడెందుకు, మూసేస్తానన్నారావిడ. నేనింకా గుణింతాల్లోనే ఉన్నాను, ఒత్తులు మొదలే కాలేదు. నాకు ఒళ్ళు మండింది.

నేనూ ఆ కల్లానికే కూలికెళ్ళాను. అన్నాల వేళ, ఏరిన తాలుకాయలు తెచ్చి ఎర్రటి కాయల మీద పేర్చి 'మిరప' అని రాశాను. పిల్లలు ఎగబడ్డారు. ఒకరు 'అమ్మ', ఒకరు 'మేక'. కాసేపటికి కల్లం నిండా తెల్లటి అక్షరాలే. ఘాటుకి అందరం తుమ్ముతున్నాం, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య చదువుతున్నాం, ఎందుకో తెలీకుండా నవ్వుతున్నాం.

అంతలో బండి చప్పుడు. కల్లం రైతుగారు. ఏరిన తాలు మళ్ళీ మంచికాయలో కలిసిందని చూస్తే రేపట్నుంచి పనికి రావద్దంటారని తల్లులు బిగుసుకుపోయారు. ఆయన నిలబడ్డ వైపు నుంచి అక్షరాలన్నీ తలకిందులు. మెడ వంచి చూశారు. చెప్పులు విడిచి, కల్లం చుట్టూ తిరిగొచ్చి, మా వైపు నిలబడి చదివారు.

"ఎవరమ్మా నా కాయల్లోకి మేకని తోలింది?"

పిల్లలందరూ నన్నే చూపించారు.

"నేనేనండి. టీచరమ్మగారికి ఆ షెడ్డు కింద కాస్త చోటిస్తే ఇంక తోలమండి" అని తుమ్మాను.

ఆయనా తుమ్మారు. పిల్లల్ని షెడ్డు కింద కూర్చోబెట్టుకోమన్నారు, ఏరడం పెద్దాళ్ళు చూసుకుంటారన్నారు. ఈ అక్షరాలు మాత్రం పొద్దుగూకేలోగా ఏరెయ్యాలన్నారు.

మర్నాడు తెల్లారకముందే టీచరమ్మని లేపాను. కూలీల ఆటోలో చోటు లేకపోతే, ఆవిడని నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని కల్లానికి తీసుకెళ్ళాను.